ఐదుగురి కోసం ఎనిమిది పేజీలు

2016 జనవరి 18, సోమవారం. తెల్లారేసరికి టోక్యో తెల్లబడిపోయింది. రాత్రి మొదలైన మంచు నగరం నడిబొడ్డున ఆరు సెంటీమీటర్ల మందాన పేరుకుంది. ఆ ఊరు ఉక్కిరిబిక్కిరి కావడానికి అంత చాలు. రైళ్లు ఆగిపోయాయి. స్టేషన్ల బయట జనం బారులు తీరారు. తడిసిన బూట్లతో, కొంకర్లు పోయిన వేళ్లతో ఆలస్యంగా ఆఫీసులు చేరినవాళ్లు ఆ రోజు మాట్లాడుకోవాల్సింది మంచు గురించే. కానీ ఐదు రోజులుగా అందరి నోటా నానుతున్న ప్రశ్న వేరే ఉంది. పాతికేళ్లుగా దేశాన్ని అలరిస్తున్న పాటల గ్రూపు స్మాప్ ఉంటుందా, విడిపోతుందా?

సాయంత్రానికి ఓ కబురు పాకింది. సోమవారం రాత్రి పదింటికి ఫ్యుజీ టీవీలో వచ్చే 'స్మాప్-స్మాప్' కార్యక్రమాన్ని మామూలుగా ముందే రికార్డు చేసి వేసేవారు. ఇవాళ మాత్రం కొంతసేపు ప్రత్యక్ష ప్రసారమట. ఐదుగురూ వస్తారట. ఏం చెబుతారన్నది మాత్రం బయటికి పొక్కలేదు.

శివారులో చిన్న అపార్ట్‌మెంటు. ఆ రాత్రి జపాన్‌లో అలాంటి ఇళ్లు లక్షల్లో ఉన్నాయి. ఒక ఇంటి సంగతి చెప్పుకుంటే అన్నిటి సంగతీ చెప్పుకున్నట్టే. గదిలో పొట్టి బల్ల, దాని చుట్టూ దుప్పటి, అడుగున వెచ్చటి హీటరు. కిటికీ అద్దాల మీద ఆవిరి. నలభై దాటిన తల్లి దుప్పట్లో కాళ్లు దూర్చుకుని రిమోట్ గట్టిగా పట్టుకుని కూచుంది.

"అమ్మా, టీ చల్లారిపోతోంది."

"ఉండవే. వస్తున్నారు."

వచ్చారు. తెర మీద ఐదుగురు వరసగా నిలబడ్డారు. నల్ల సూట్లు, టైలు. నవ్వు లేదు, సంగీతం లేదు. పాతికేళ్లుగా ఆ ముఖాలని తల్లి చూడని వేషం లేదు. వంటవాడి టోపీలో చూసింది, ఆడవేషంలో చూసింది, చెమటతో తడిసిన మెరుపుల చొక్కాలో చూసింది. ఇలా మాత్రం ఎప్పుడూ చూడలేదు. చావింటికి వచ్చినవాళ్లలా ఉన్నారు. మధ్యలో ఉన్న కిమురా తకుయా నోరు విప్పాడు.

మా వల్ల అందరికీ ఆందోళన కలిగింది, ఇలాగే వదిలేస్తే స్మాప్ ముక్కలైపోయే పరిస్థితి వచ్చింది, అందుకే ఐదుగురం మీ ముందుకు రావాలనుకున్నాం అన్నాడు. తర్వాత ఒక్కొక్కరూ మాట్లాడారు. ఒక్కొక్కరూ నడుం వంచి తల దించారు. ఇనగాకి గోరో. కతోరి షింగో. నాయకుడు నకాయ్ మసహీరో. కుసనాగి త్సుయోషి వంతు వచ్చినప్పుడు, తమని నడిపించే ఏజెన్సీ స్థాపకుడు జానీ కితగావాకి క్షమాపణ చెప్పుకునే అవకాశం కిమురా కల్పించాడని, అందుకే తాము ఇక్కడ నిలబడగలిగామని అన్నాడు. కొద్ది నిమిషాల్లో అంతా అయిపోయింది. గదిలో హీటరు చప్పుడు ఒక్కటే మిగిలింది.

"అమ్మా, వీళ్లెవరికి సారీ చెప్తున్నారు? మనకేనా?"

తల్లి దగ్గర జవాబు లేదు. ఫోన్ తీసి ట్విట్టర్ తెరవబోయింది. తెరుచుకోలేదు. అప్పటికే దేశమంతా ఆ తలుపే తోస్తోంది.

తర్వాత లెక్కలు తేలాయి. టోక్యో ప్రాంతంలో ఆ కార్యక్రమానికి వచ్చిన సగటు రేటింగ్ 31.2 శాతం. ఒక దశలో 37.2 శాతానికి ఎగబాకింది. గ్రూపు నిలబడింది, హమ్మయ్య అనుకున్నవాళ్లు ఎందరో. కడుపులో దేవినట్టయి టీవీ కట్టేసినవాళ్లూ అంతమందే. పెద్దమనుషుల్ని అలా వరసగా నిలబెట్టి తల దింపించడం ఏమిటని ప్రసారాల వ్యవహారాలు చూసే సంస్థకి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఫిర్యాదులతో ఊరుకోనివాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు ఆ వారం సీడీ కొట్లకి బయల్దేరారు.

ఐదుగురు మగవాళ్ల కోసం ఒక దేశం అంతలా ఎందుకు కదిలిపోయిందో అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. స్మాప్‌ని 1988లో జానీస్ ఏజెన్సీ కూర్చింది. అప్పుడు ఆరుగురు. అందరికంటే చిన్నవాడు కతోరి షింగోకి పదకొండేళ్లు. 1991 సెప్టెంబరు 9న మొదటి సీడీ వచ్చింది. టోక్యో పక్కన సైతామాలోని సెయిబుఎన్ వినోద పార్కులో, కుండపోత వానలో ఆ వేడుక జరిగింది. అంతకుముందు ఆ ఏజెన్సీ గ్రూపుల పాటలు వస్తూనే మొదటి స్థానానికి ఎక్కేవి. వీళ్ల పాట రెండో స్థానంలో ఆగింది. టీవీలో పెద్ద పాటల కార్యక్రమాలు ఒక్కొక్కటీ మూతపడుతున్న కాలం అది. పాడటానికి వేదిక లేక కుర్రాళ్లు కామెడీకి దిగారు. కింద పడ్డారు, తిట్లు తిన్నారు, జనాన్ని నవ్వించారు. మొదటి స్థానం దక్కేసరికి 1994 వచ్చింది. అప్పటికి పన్నెండో సింగిల్. ఆ ఎదురుచూపులన్నీ అభిమానులు దగ్గరుండి చూశారు. ఆ కుర్రాళ్లు పెరుగుతుంటే అభిమానులూ పెరిగారు.

1996 ఏప్రిల్‌లో 'స్మాప్-స్మాప్' మొదలైంది. నెల దాటేసరికి ఆరుగురిలో ఒకడు, మోరి కత్సుయుకి, మోటార్‌సైకిల్ రేసర్ అవుతానని గ్రూపు వదిలి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి టీవీలో అతని పేరు పలకడమే అపురూపం. పాత దృశ్యాలు వేసినా అతను కనిపించేవాడు కాదు. మిగిలిన ఐదుగురు ప్రతి సోమవారం వంట చేశారు, అతిథులకి వడ్డించారు, పాడారు. 2006లో మైఖేల్ జాక్సన్ అంతటివాడు వాళ్లకి చెప్పకుండా సెట్లోకి నడిచొచ్చాడు. 2011 మార్చిలో భూకంపం, సునామీ తూర్పు తీరాన్ని తుడిచిపెట్టినప్పుడు పది రోజులకే ప్రత్యక్ష ప్రసారంలో కూచుని, మనం చేయగలిగింది ఏముందని జనంతో కలిసి ఆలోచించారు. ఆ తర్వాత కార్యక్రమం చివర బాధితులకి విరాళాలు ఇవ్వండని అడగడం మానలేదు. మిగతావాళ్లు ఆపేశాక కూడా వాళ్లు ఆపలేదు. ఈశాన్య తీరంలోని అమ్మలు ఆ సంగతి మరిచిపోలేదు.

ఇక 2016 జనవరి 13 తెల్లవారుజామున క్రీడా దినపత్రికలు బాంబు పేల్చాయి. గ్రూపుని మొదట్నుంచీ పెంచి పెద్ద చేసిన మేనేజరు ఏజెన్సీ పెద్దలతో పడక తప్పుకుంటోంది, ఆమెతో నలుగురు వెళ్లిపోతారు, కిమురా ఒక్కడే ఉంటాడు. ఇంత పెద్ద ముక్కని పాతికేళ్ల అభిమానులు పేపర్లో చదివి తెలుసుకున్నారు. వాళ్లని అడిగినవాళ్లు లేరు. అడిగే ఏర్పాటు కూడా లేదు. ఆ వ్యాపారంలో అభిమాని చందా కడుతుంది, టికెట్టు కొంటుంది, సీడీ కొంటుంది. నోరుంది కానీ వినే చెవి లేదు. మరి ఏజెన్సీకి వినపడే భాష ఏది?

సీడీ షాపు. తలుపు తెరుచుకోగానే బయటి చలి, లోపలి వేడి ఒక్కసారి కొట్టుకున్నాయి. కోటు మీద మంచు ఇంకా కరగలేదు.

"ఆ పూల పాట సీడీ ఉందాండీ?"

కౌంటర్ కుర్రాడు తలెత్తాడు. ఏ పాట అని అడగలేదు.

"అయిపోయిందండీ. పొద్దుట్నించీ అందరూ అదే అడుగుతున్నారు. ఆర్డరు రాసుకోమంటారా?"

"రాసుకో బాబూ."

"ఎన్ని?"

ఆమె ఒక క్షణం ఆలోచించింది. "ఇవాళ్టికి ఒకటి. రేపు మళ్లీ వస్తాను."

ఆ పాట మకిహారా నొరియుకి రాసింది. పేరు 'సెకాయ్ ని హితోత్సు దకే నో హానా'. సీడీ సింగిల్‌గా 2003 మార్చి 5న వచ్చింది. ఆ ఏడు ఒక్కదానిలోనే ఇరవై లక్షలు దాటి అమ్ముడుపోయింది. డిసెంబరు 31 రాత్రి దేశమంతా చూసే 'కోహకు' పాటల పోటీని ఆ ఏడు ముగించింది ఇదే పాట, ముగించింది వీళ్లే. బడిపిల్లలు కూడా పాడతారు. పదమూడేళ్ల కిందటి పాట. ప్రతి అభిమాని ఇంట్లోనూ ఆ సీడీ ఉండే ఉంటుంది. మళ్లీ కొనడం దేనికి? లెక్క కోసం. స్మాప్ పాటలు అప్పట్లో డౌన్‌లోడ్‌కి దొరికేవి కావు. ఆ ఏజెన్సీ తన కళాకారుల ఫొటోల్ని ఇంటర్నెట్‌లో పెట్టనివ్వని కాలం అది. పత్రిక ముఖచిత్రం నెట్లో పెడితే వాళ్ల బొమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు నీడ కనిపించేది. కాబట్టి లెక్కకి వచ్చేది సీడీ ఒక్కటే. సీడీల లెక్క ప్రతి వారం ఒరికాన్ సంస్థ అచ్చేస్తుంది. ఏజెన్సీ ఉత్తరాలు చదువుతుందో లేదో తెలీదు. ఒరికాన్ పట్టిక మాత్రం చదివి తీరుతుంది.

ఇలా మళ్లీ మళ్లీ సీడీ కొనడానికి అభిమానులు పెట్టుకున్న పేరు పూలు కోయడం. ఎవరూ పెద్దరికం చేయలేదు, ఎవరూ హుకుం వేయలేదు. టోకుగా కొంటే లెక్కలోకి రాదేమో, వేర్వేరు కొట్లలో కొందాం, ఒక్కొక్కటే కొందాం, కొన్నవి పడేయకుండా బడులకి, బంధువులకి, భాష రాని విదేశీ మిత్రులకి పంచుదాం అని వాళ్లలో వాళ్లే కూడబలుక్కున్నారు. పొద్దున పార్ట్‌టైమ్ పనికి పోయి, సాయంత్రం కూరగాయల సంచీతో తిరిగొస్తూ దారిలో సీడీ కొట్టుకి తొంగిచూసే ఆడవాళ్లు, ఆసుపత్రిలో నైట్ డ్యూటీ దిగి కళ్లు మండుతుంటే ఫోన్లో ఆర్డరు పెట్టే నర్సులు, మనవరాలి చేత నొక్కించుకునే అమ్మమ్మలు, ఇలా ఒకరి ముఖం ఒకరికి తెలియని మనుషులంతా కలిసి పదమూడేళ్లుగా అరలో పడున్న పాటని పట్టికలో పైపైకి తోసుకుంటూ పోయారు. లక్ష్యం ముప్పై లక్షలు. జపాన్ చరిత్రలో ఒరికాన్ లెక్కన ఆ గీత దాటిన సింగిల్స్ అప్పటికి రెండే. అంత దూరం వెళ్లగలరా?

వసంతం వచ్చింది. చెర్రీలు పూసి రాలాయి. కార్యక్రమం నడుస్తోంది. ఐదుగురూ తెర మీద ఉన్నారు. కానీ చూసే కళ్లకి తెలుస్తుంది. ఒకరి మాటకి ఇంకొకరి నవ్వు అతకడం లేదు. సెప్టెంబరు 9కి పాతికేళ్లు నిండుతాయి. కచేరీ ఉంటుందని అభిమానులు డబ్బులు దాచుకుంటున్నారు. సెలవులు అడిగి పెట్టుకున్నారు. ప్రకటన ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది. జూన్ గడిచింది. జూలై గడిచింది.

ప్రకటన ఆగస్టులో వచ్చింది. ఆగస్టు 14, ఆదివారం. ఇంకా తెల్లారలేదు. పితృదేవతల పండగకి సగం దేశం సొంతూళ్లలో ఉంది. ఉక్కపోత. మిగతావాళ్లు రియో ఒలింపిక్స్ చూస్తూ మేలుకుని ఉన్నారు. అర్ధరాత్రి దాటుతుండగా పత్రికాఫీసుల్లో ఫ్యాక్స్ మిషన్లు కదిలాయి. కాగితం మీద ఐదుగురి పేర్లు, ఒక్కొక్కరివి కొన్ని వాక్యాలు. డిసెంబరు 31తో స్మాప్ రద్దు.

కొన్నాళ్లు విరామం తీసుకోండని తాము సూచించామని, కొందరు సభ్యులు విరామం కంటే రద్దే కావాలన్నారని ఏజెన్సీ వివరించింది. కచేరీ లేదు. పత్రికా సమావేశం లేదు. ఐదుగురూ ఒకచోట కూచుని ఎందుకు అన్నది చెప్పింది ఆ రోజు లేదు, ఆ తర్వాతా లేదు. క్షమాపణ చెప్పడానికి ప్రత్యక్ష ప్రసారం దొరికింది. వీడ్కోలు చెప్పడానికి మాత్రం ఫ్యాక్స్ కాగితమే దిక్కయింది. సొంతూళ్లో అత్తగారింటి హాల్లో పక్కలు పరుచుకుని పడుకున్న కోడళ్లు ఫోన్ వెలుగులో ఆ వార్త చదివి, ఏడుపు వినపడకుండా దిండులో ముఖం దాచుకున్నారు. తెల్లారితే పండగ వంట చేయాలి.

అభిమానమంటే ఈలలూ కేకలూ అనుకునేవాళ్లు ఆ తర్వాతి నాలుగు నెలలు చూడాల్సింది. గోల లేదు. రాళ్లు లేవు. కాగితాలు కదిలాయి. గ్రూపుని ఉంచండని కోరుతూ సంతకాల ఉద్యమం మొదలైంది. ఆ కాగితాలన్నీ డిసెంబరులో ఏజెన్సీకి చేరాయి. మొత్తం 3,73,515 సంతకాలు. ఒక మోస్తరు నగరంలో ప్రతి మనిషీ సంతకం పెట్టినంత.

ఏజెన్సీ నిర్ణయం మారలేదు.

అదే రోజుల్లో 'టోక్యో షింబున్' దినపత్రికలో ఓ మూల వింత మొదలైంది. పాఠకులు డబ్బు కట్టి చిన్న సందేశాలు వేయించుకునే గళ్లు అవి. పుట్టినరోజు శుభాకాంక్షలు, పాత స్నేహితుల కోసం వాకబు, అలాంటివి. ఆ గళ్లలోకి ఒకటీ అరా స్మాప్ కబుర్లు దూరాయి. థాంక్స్ అని ఒకరు. మీ పాటతో మా అబ్బాయిని పెంచుకున్నానన్న ధోరణిలో ఇంకొకరు. మూడు నాలుగు వరసలు, అంతే. రోజులు గడిచేకొద్దీ ఆ మూలంతా వాళ్లదే అయిపోయింది. టీవీ వాళ్లు మాట్లాడని విషయం, ఏజెన్సీ వినని విషయం, అచ్చులో పడుతోంది. పొద్దున్నే గుమ్మం ముందుకొస్తోంది. సరిగ్గా అక్కడే కొందరికి ఇంకో ఆలోచన తట్టింది. మూల ఎందుకు? పేజీ అంతా ఎందుకు కొనకూడదు?

దేశంలో పెద్ద పత్రికల్లో ఒకటి 'అసాహి షింబున్'. దానికి సొంతంగా చందాలు పోగుచేసే వెబ్‌సైట్ ఉంది. డిసెంబరులో అభిమానులు కొందరు అక్కడ పిలుపునిచ్చారు. లక్ష్యం కోటి యెన్లు. ఏడాది చివరికి రోజులే ఉన్నాయి. పేజీలు కూర్చాలి, అచ్చుకి పంపాలి. అందుతుందా?

కోటి చూస్తుండగానే దాటింది. అంకె ఆగలేదు. రెండు కోట్లు. మూడు. ఇచ్చినవాళ్లు పారిశ్రామికవేత్తలు కారు. పండగ ఖర్చుల్లోంచి తీసినవాళ్లు, పిల్లాడి ట్యూషన్ ఫీజు పక్కన పెట్టి మిగిలింది పంపినవాళ్లు, పాతికేళ్ల కిందట వానలో తడిసి ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఉన్నవాళ్లు. తలుపు మూసేసరికి 13,103 మంది. దాదాపు నాలుగు కోట్ల యెన్లు. ఒక పేజీ అనుకున్నది ఎక్కడికి పోయి ఆగుతుందో పిలుపునిచ్చినవాళ్లకే అంతు చిక్కలేదు.

అదే డిసెంబరులో ఒరికాన్ ఇంకో అంకె వేసింది. పూల పాట ముప్పై లక్షలు దాటింది. ఆ గీత దాటిన మూడో సింగిల్. కోత ఫలించింది. కానీ ఆ అంకె చూసి మనసు మార్చుకుంటుందని అభిమానులు ఆశపడ్డ ఏజెన్సీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇక మిగిలింది ఒక్క సోమవారం.

డిసెంబరు 26. 'స్మాప్-స్మాప్' ఆఖరి ప్రసారం. సాయంత్రం ఆరున్నరకి మొదలై రాత్రి పదకొండు దాటేదాకా ఇరవై ఏళ్ల దృశ్యాలు నడిచాయి. పడుచు ముఖాలు, పాత జుట్టు, పగలబడి నవ్వులు. ఐదుగురు మాత్రం కొత్తగా ఒక్క మాట కూడా మాట్లాడటం లేదు. గంటలు గడుస్తున్నాయి. చూస్తున్నవాళ్లు అన్నం పళ్లేలు కూడా తీయలేదు. ఇంతకీ వస్తారా, రారా?

చివరికి తెర మీద వెలుగు మారింది. ఐదుగురు. అదే పూల పాట. ముఖాలు బిగుసుకుని ఉన్నాయి. పాడుతున్నారు. ఇళ్లలో ఒక్కరు కూడా గొంతు కలపలేదు. ఇంతలో నకాయ్ చెయ్యి కదిలింది. ఒక వేలు. రెండు. మూడు. నాలుగు. ఐదు. లెక్కపెట్టి, ఆ చేత్తోనే టాటా చెప్పాడు. అది నాట్యంలో భాగమా? కాదే! ఇన్నేళ్లుగా ఆ పాటలో ప్రతి కదలికా కంఠతా వచ్చినవాళ్లకి ఆ వేళ్లు ఒక్క చూపులో పట్టుబడ్డాయి. ఐదుగురికి వీడ్కోలు, లేదా ఐదుగురి నుంచి వీడ్కోలు. అతను ఆ రాత్రి దానికి అర్థం చెప్పలేదు. అభిమానులకి చెప్పనక్కర్లేకపోయింది.

పాట అయిపోయింది. ఐదుగురూ తల వంచారు. తెర దిగుతోంది. నకాయ్ వెనక్కి తిరిగి ముఖం కప్పుకున్నాడు. భుజాలు అదిరాయి. ఆ మనిషి పేరు తర్వాత కాలంలో చాలా వేరే కారణాలతో వార్తలకెక్కింది. ఓ మహిళకి సంబంధించిన వ్యవహారం బయటపడి 2025 జనవరిలో రంగం నుంచే తప్పుకున్నాడు. ఆ క్షమాపణ అందుకున్న జానీ కితగావా సంగతి అంతకంటే ఘోరం. అతను పోయిన నాలుగేళ్లకి, 2023లో, కుర్రాళ్ల మీద అతను సాగించిన లైంగిక దాడుల్ని ఏజెన్సీయే బహిరంగంగా ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇవన్నీ తెలిసినవాళ్లకి జనవరి నాటి నల్ల సూట్ల దృశ్యం ఇప్పుడు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఆ డిసెంబరు రాత్రి మాత్రం జనానికి తెలిసింది ఒక్కటే. అతను ఏడుస్తున్నాడు, ఓదార్చే దారి లేదు. తామిచ్చే జవాబు అప్పటికే అచ్చుయంత్రాల దారి పట్టిందని తెలిసినవాళ్లు ఓ పదమూడు వేల మంది.

డిసెంబరు 30, శుక్రవారం. చీకటి ఇంకా విడలేదు. కన్వీనియన్స్ స్టోరు ముందు ఊపిరి పొగలై లేస్తోంది. లోపల ట్యూబులైట్ల తెల్లటి వెలుగు, వేడి కాఫీ వాసన. తలుపు పక్కన స్టాండులో అప్పుడే కట్టలు విప్పిన పేపర్లు.

"అసాహి ఇవ్వండి. మూడు."

"మూడాండీ?"

"ఒకటి చదవడానికి. ఒకటి దాచుకోవడానికి." ఆమె చిల్లర లెక్కపెడుతూ ఆగింది. "ఇంకోటి మా చెల్లికి. వాళ్ల ఊళ్లో అయిపోతే?"

అక్కడే నిలబడి పేజీలు తిప్పింది. రాజకీయం. వాతావరణం. సంవత్సరాంతపు వార్తలు. తిప్పింది. ఉన్నట్టుండి పేజీ నిండా స్మాప్. ఇంకోటి తిప్పింది. మళ్లీ స్మాప్. ఇంకోటి. ఇంకోటి. ఎనిమిది పూర్తి పేజీలు. సినిమా కంపెనీ ప్రకటన కాదు, కార్ల కంపెనీ ప్రకటన కాదు. అభిమానులు తమ సొమ్ముతో తమ మాటల్ని అచ్చేయించుకున్న పేజీలు. తిట్టు లేదు, ఏజెన్సీ మీద ఒక్క నిష్ఠూరం లేదు. కృతజ్ఞత. మీ వెంట ఉన్నామన్న మాట. సన్నటి అక్షరాల్లోకి వంగి చూస్తుంటే కళ్లజోడు మీద ఆవిరి కమ్మింది. పొద్దెక్కేసరికి చాలాచోట్ల స్టాండ్లు ఖాళీ. ఆలస్యంగా లేచినవాళ్లు కొట్టు నుంచి కొట్టుకి, స్టేషన్ నుంచి స్టేషన్‌కి పరుగులు పెట్టారు.

మర్నాడు రాత్రి కోహకు జరిగింది. దాన్ని ప్రసారం చేసే ఎన్‌హెచ్‌కే ఆఖరుదాకా పిలిచింది. ఐదుగురూ వెళ్లలేదు. పన్నెండు కొట్టింది. స్మాప్ ముగిసింది.

అభిమానులు మాత్రం ఆగలేదు. మిగిలింది ఏమిటని అడిగితే ఒకటే. వచ్చే సెప్టెంబరులో ఏజెన్సీతో ఎవరెవరి ఒప్పందాలు ముగుస్తాయో, ఎవరు ఉంటారో, ఎవరు వెళతారో. 2017 వేసవిలో తేలింది. ముగ్గురు బయటికి వస్తున్నారు. ఇనగాకి, కుసనాగి, కతోరి. జపాన్ వినోద రంగంలో పెద్ద ఏజెన్సీ గొడుగు కింద నుంచి బయటపడటమంటే ఏమిటో అందరికీ తెలుసు. ఆ తర్వాత టీవీలో వాళ్ల కార్యక్రమాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆ ముగ్గురినీ తెర మీదికి రానివ్వొద్దని చానళ్ల మీద ఒత్తిడి తెచ్చి ఉంటే అది పోటీ చట్టానికి విరుద్ధం కావచ్చని జపాన్ వాణిజ్య పోటీ కమిషన్ 2019 జూలైలో ఏజెన్సీని హెచ్చరించింది. అలా ఒత్తిడి తెచ్చిందేమీ లేదని ఏజెన్సీ అంది. ఏదైతేనేం, 2017 సెప్టెంబరులో ఆ ముగ్గురికి నోరు తెరవడానికి చోటు లేదు. ఎక్కడ మొదలుపెడతారు?

సెప్టెంబరు 22 పొద్దున జనం పేపరు తెరిచారు. పేజీ నిండా ప్రకటన. 'అతారషీ చిజు', అంటే కొత్త పటం. ముగ్గురి కొత్త ప్రయాణం పేరు అది. ప్రకటన వచ్చింది రెండు పత్రికల్లో. ఒకటి అసాహి షింబున్. రెండోది టోక్యో షింబున్.

ఎందుకు ఆ రెండే అని పుట్టిన బిడ్డకైనా అర్థమవుతుంది. ఆ పొద్దున ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. "చూశావా?" "ఏ పేపరు?" "రెండూ!" మాట పూర్తయ్యేలోపే గొంతు పూడుకుపోయింది. చదివారు, మన ఉత్తరం చదివారు. అభిమాన సంఘం తలుపులు ఆ రోజే తెరిచారు.

నవంబరు మొదట్లో ముగ్గురూ ఇంటర్నెట్ చానల్ అబేమా టీవీలో ఏకబిగిన 72 గంటలు ప్రత్యక్ష ప్రసారానికి దిగారు. అక్కడ ఏజెన్సీ నిషేధాల్లేవు. బూడిదరంగు నీడల్లేవు. అభిమానులు నిద్ర మానుకుని చూస్తున్నారు. కార్యక్రమం మధ్యలో ముగ్గురూ హమమత్సు రేసు మైదానానికి వెళ్లారు. ఇంజిన్ల రొద. కాలిన రబ్బరు వాసన. అటు వైపు నుంచి రేసర్ దుస్తుల్లో ఓ మనిషి నడిచొస్తున్నాడు.

మోరి కత్సుయుకి.

ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత. తెర ఈ వైపు ఉన్నవాళ్లు మొదట నమ్మలేదు. తర్వాత అరిచారు. నడివయసు వచ్చిన నలుగురూ ఒకరినొకరు చూసుకుని, కుర్రాళ్లలా నవ్వుకుని, పాత రోజుల కబుర్లలో పడ్డారు. ఇన్నేళ్లు టీవీలో వినపడని ఆ పేరుని లక్షల మంది ఒకేసారి టైపు చేశారు. ఆ రోజు ట్విట్టర్ ప్రపంచ ట్రెండ్లలో 'మోరి-కున్' అన్న పిలుపు పైకెక్కి కూచుంది.